నాలుగేళ్ల బాబు బడిలో మట్టి పిసుకుతున్నాడు, బడి మార్చాలా?

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబుకు నాలుగేళ్లు దాటి రెండు నెలలు. హన్మకొండలో ‘పిల్లలే కేంద్రం, వెతుక్కుంటూ నేర్చుకోవడం’ అని చెప్పే ప్రీస్కూల్లో జూన్‌లో వేశారు. దసరా సెలవులు దగ్గర పడుతున్నా ఒక్క అక్షరం రాయలేదు. ఇంటికొచ్చేసరికి లాగు నిండా మట్టి. ఏం చేసినవ్ బిడ్డా అంటే ‘ఆడుకున్న’ అని ఒక్కటే మాట. పక్కింటి పిల్లగాడు అదే వయసులో వంద దాకా అంకెలు గడగడా చెప్తుంటే మీ అత్తమ్మ ‘ఇన్ని పైసలు గట్టి మట్టి పిసుకనీకి పంపుతున్నరా’ అని రోజూ అంటున్నారు. బడి మార్చాలా అని మీ సందేహం.

నేను 28 ఏళ్లు చిన్నపిల్లలతోనే గడిపాను. పరకాల వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌గా మొదలై, తర్వాత ప్రీస్కూల్ టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలో పడ్డాను. మీ బడి నేను చూడలేదు కాబట్టి మార్చండనీ ఉంచండనీ చెప్పను. తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న మాత్రం ఇస్తాను. పిల్లలు ఆడుతున్నంతసేపూ టీచర్ ఏం చేస్తున్నారు? గోడల మీది బొమ్మలు, చెక్క ఆటవస్తువులు, బ్రోచర్‌లోని పెద్దపెద్ద మాటలు, అన్నీ దీని తర్వాతే.

ముందు ఆ పక్కింటి పిల్లగాడి వంద సంగతి చూద్దాం. ఒకసారి వాడిని పిలిచి ఏడు చింతగింజలు వరుసగా, దగ్గరదగ్గరగా పెట్టండి. దాని కింద ఇంకో ఏడు, ఒక్కోదానికి ఒక్కోటి ఎదురుగా. ‘రెండు వరుసల్ల సమానమేనా?’ అని అడగండి. అవునంటాడు. వాడు చూస్తుండగానే కింది వరుసలో గింజల్ని ఎడంగా జరపండి. మళ్లీ అడగండి. నాలుగేళ్ల పిల్లల్లో చాలామంది ‘కింద ఎక్కువున్నయి’ అంటారు. లెక్కపెట్టి చూపించినా కొందరు ఒప్పుకోరు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాన్ పియాజే ఇలాంటి పరీక్షలు ఎన్నో చేశాడు. వెడల్పు గిన్నెలోని నీళ్లు సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే నీళ్లు పెరిగాయని చిన్నపిల్లలు అంటారు, ఆరేడేళ్లు వచ్చాక మాట మారుస్తారు. అడిగే తీరు మారిస్తే ఇంకా ముందే సరిగ్గా చెప్తారని తర్వాతివాళ్లు చూపించారు, అది వేరే చర్చ. మనకు కావలసింది ఇంతే: వంద దాకా చెప్పడం ఆ వయసు పిల్లలకు పాట పాడినట్టు. ‘ఏడు’ అనే మాట ఏడు గింజలకు అతుక్కోవాలంటే చేతులతో పేర్చాలి, పంచాలి, కలపాలి, మళ్లీ విడదీయాలి. దానికి నెలలు పడుతుంది. ఆ నెలలు మీకు ‘ఏమీ నేర్పట్లేదు’ అన్నట్టే కనిపిస్తాయి.

మట్టి మాట ఎత్తారు కాబట్టి మా సెంటర్లో జరిగిన మట్టి ముచ్చట కొంచెం వివరంగా చెప్తాను.

చెరువుల పూడిక తీసి ట్రాక్టర్లతో పొలాలకు తోలుతున్న రోజులవి, 2015 ప్రాంతం. భాద్రపదం. బతుకమ్మకు ముందు ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడతారు కదా, పీట మీద మట్టితో మెట్లుమెట్లుగా కట్టి పూలు పెట్టి. అక్క వేసిన బొడ్డెమ్మను చూసొచ్చిన ఒక ఐదేళ్ల పాప మా సెంటర్ వాకిట్లో తనూ ఒకటి మొదలుపెట్టింది. దగ్గర్లో దొరికింది నల్లరేగడి, దాంతోనే కట్టింది. మూడో రోజు పొద్దున ఏడుపు మొహంతో వచ్చి ‘టీచర్, నా బొడ్డెమ్మ పలిగింది’ అంది. చూస్తే నిజంగానే అడ్డదిడ్డంగా నెర్రెలు. పక్కన నిలబడ్డ పిల్లగాడు ‘మా చేను సుతం ఎండకాలం గిట్లనే నెర్రెలు వడ్తది, నా కాలు ఇరికింది’ అన్నాడు.

జవాబు నా నాలుక చివర ఉంది. రేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, అందుకే పగులుతుంది. ఒక్క వాక్యం. చెప్పేస్తే ఆ పాప తల ఊపి వెళ్లిపోయేది, కథ అక్కడితో సరి. ఆ రోజు నోరు మూసుకోవడం నాకెంత కష్టమైందో టీచర్లకు తెలుస్తుంది. ‘అక్క చేసిన బొడ్డెమ్మ కూడా పలిగిందా, చూసి రేపు చెప్తవా?’ అన్నాను, అంతే.

పలగలేదట. అక్క పుట్టమన్నుతో చేసిందట. అంటే మన్నుల్లో రకాలున్నాయన్నమాట! మర్నాటి నుంచి ఒక్కొక్కరు ఒక్కో మన్ను తేవడం మొదలైంది. చెలక ఎర్రమన్ను టిఫిన్ డబ్బాలో, చెరువు మట్టి పాల ప్యాకెట్లో, పుట్టమన్ను కొంగున కట్టి ఒక నాయినమ్మ చేతుల మీదుగా. మా ఆయమ్మ నన్ను తిట్టని రోజు లేదు, ఊడ్చేది ఆమె కదా. అన్నీ ఒకే సైజులో ఉండాలని పిల్లలే పట్టుబట్టారు. చిన్నది తక్కువ పలుగుతుంది, అది దొంగాట అని ఒకడి వాదన. స్టీలు డబ్బా మూతతో బిళ్లలు అచ్చు వేశారు. ఏది ఎవరిదో తెలియాలని ఒక్కోదాని పక్కన ఒక్కో ఆకు: వేప, కానుగ, మామిడి, జామ. నేను గోడకు పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి అంటించి బొగ్గుముక్క చేతికిచ్చాను. రోజూ పొద్దున నెర్రెలు చూసి గీయడం, లెక్కపెట్టడం వాళ్ల పని. రేగడి అందరికంటే ఎక్కువ పగిలింది. అప్పుడు ఇంకొకడు ‘మా అవ్వ గోడకు మెత్తేటప్పుడు మట్టిల పొట్టు, పెండ కలుపుతది’ అన్నాడు. కలిపి చూశారు. నెర్రెలు తగ్గాయి. ఇదంతా రెండు వారాలు.

అక్కడితో ఆగలేదు. రామప్ప చూసొచ్చిన ఒక పిల్ల ‘గుడి ఇటుకలు నీళ్లల్ల తేలుతయట’ అని కొత్త చిచ్చు పెట్టింది. పాలంపేటలోని ఆ రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు అంత తేలికైనవి, అది నిజమే. ఇంకేముంది, మా మట్టి ఉండలన్నీ బకెట్లోకి. అన్నీ బుడుంగున మునిగాయి. పొట్టు కలిపినది పొయ్యిలో కాల్చి చూద్దామన్నారు, ఆయమ్మను బతిమాలి కాల్పించాను. ఒక ఉండ పగిలి రెండు ముక్కలైంది, మిగిలింది మునిగింది. అంతా దిగాలుగా నిలబడితే మన నెర్రెల పిల్లగాడు ‘నీకూ తెల్వదు, మా బాపుకూ తెల్వదు, గుడి కట్టినోళ్లకే తెలుసు’ అని తీర్పు చెప్పాడు. నిజమే అన్నాను. నాకు నిజంగానే తెలియదు మరి.

ఆ రెండు వారాల్లో ఎప్పుడైనా మీరు గేటు దగ్గర నిలబడి చూసి ఉంటే మీకు కనిపించేది ఒక్కటే: పిల్లలు మట్టిలో ఆడుతున్నారు, టీచర్ చేతులు కట్టుకుని చూస్తోంది. ఇప్పుడు మీ బాబు బడికి వెళ్లినా అదే కనిపించవచ్చు. లోపల ఏం జరుగుతోందో తెలియాలంటే దగ్గరికి వెళ్లి వినాలి. టీచర్ ఏం అడిగింది, ఏ వస్తువు తెచ్చి పక్కన పెట్టింది, నిన్నటి సంగతి ఈరోజు గుర్తుచేసిందా, పిల్లలు చేసినదాన్ని ఎక్కడైనా దాచిందా. ఇవి ఉంటే అది చదువు. లేకపోతే మీ అత్తమ్మ అన్నదే కరెక్టు.

ఇదేదో ఈమధ్య బయటి దేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కొంత నిజం, కొంత కాదు. మీ బడి బ్రోచర్‌లో రెజియో ఎమిలియా అనే పేరు ఉందన్నారు కదా, అది ఇటలీ ఉత్తరాన ఒక ఊరు. 1945లో యుద్ధం ముగిసిన వెంటనే అక్కడికి దగ్గర్లోని ఒక పల్లె జనం, సైన్యం వదిలేసిపోయిన ట్యాంకు, లారీలు, గుర్రాలు అమ్మిన డబ్బుతో, కూలిన ఇళ్ల ఇటుకలు ఏరుకుని తమ పిల్లలకు బడి కట్టుకున్నారు. ఆ మాట విని లోరిస్ మాలగుజ్జి అనే బడిపంతులు సైకిలేసుకుని చూడ్డానికి వెళ్లి, జీవితమంతా ఆ పనికే ఇచ్చేశాడు. 1963లో ఊరి మున్సిపాలిటీయే ఇలాంటి బడి తెరిచింది. పిల్లలు మాటతోనే కాదు, బొమ్మతో, మట్టితో, ఆటతో, నీడలతో కూడా ఆలోచిస్తారని, బడి గది కూడా ఒక టీచరేనని వాళ్లంటారు. దాన్ని మొదలుపెట్టింది పైసలున్నవాళ్లు కాదన్న సంగతి ఫీజు కట్టేటప్పుడు గుర్తుంచుకోండి.

మన దగ్గర అంతకు ముందే ఉంది. గుజరాత్ భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు కోర్టు మానేసి 1920లో బాలమందిరం పెట్టాడు. పిల్లలు ఆయన్ను ‘మీసాల అమ్మ’ అనేవారు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్, ఆ తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి మహారాష్ట్రలో కోస్బాడ్ ఆదివాసీ గూడేల్లో, బడికి రాని పిల్లల దగ్గరికి బడినే తీసుకెళ్లింది. పిల్లల ఇళ్ల ముందు, చెట్ల కింద, గులకరాళ్లు, ఆకులు, గింజలతో. వాకిట్లో బడి కాబట్టి అంగన్‌వాడీ. ఆ పేరే 1975 అక్టోబర్ 2న మొదలైన సర్కారు శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) సెంటర్లకు వచ్చింది. మన ఊరి అంగన్‌వాడీని ‘గుడ్లు, బాలామృతం ఇచ్చే చోటు’ అని తీసిపారేస్తాం గానీ, దాని పుట్టుకలో ఉన్నది ఈ చదువే. మాంటిస్సోరి సంగతి మీకు తెలిసే ఉంటుంది. రోమ్‌లో 1907లో మొదటి బడి పెట్టిన ఆ డాక్టరమ్మ 1939లో మద్రాసు అడయార్ వచ్చి, యుద్ధం వల్ల తిరిగి వెళ్లలేక 1946 దాకా మన దేశంలోనే ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చారు.

ఇప్పుడు సర్కారు కూడా అదే అంటోంది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వరకు ఒకే దశ చేసింది. 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు పాఠ్యపుస్తకాలు అక్కర్లేదంది. మరుసటి ఏడు, బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె తెచ్చింది. కాగితం మీద అన్నీ బాగున్నాయి. పెట్టె తాళం తీసి పిల్లల ముందు పెట్టే టీచర్ ఉండాలి.

తాళం అంటే గుర్తొచ్చింది. కొన్నేళ్ల కింద ఒక ప్రైవేటు ప్రీస్కూల్ వాళ్లు చూసి సలహా చెప్పమని పిలిచారు. పేరెందుకులెండి. బయటి దేశపు చెక్క బొమ్మలు, లేత రంగు గోడలు, ఎక్కడ చూసినా ఇంగ్లీషులో ‘ఎక్స్‌ప్లోర్’. బొమ్మలన్నీ అద్దాల బీరువాలో, పోతాయని తాళం. పిల్లలు ఖాళీ గదిలో ఒకరినొకరు తోసుకుంటున్నారు, ఇద్దరు టీచర్లు మూలన ఫోన్లలో. ‘ఇప్పుడు ఫ్రీ ప్లే మేడం’ అన్నారు. పిల్లల్ని వాళ్ల మానాన వదిలేయడానికి కూడా ఫీజు ఉంటుందని ఆ రోజే తెలిసింది. దానికంటే పలక మీద అ ఆలు దిద్దించే పాతకాలపు పంతులమ్మ నయం, కనీసం పిల్లవాడి పక్కన కూర్చుంటుంది.

నేనూ ఆ పంతులమ్మనే, మొదటి మూడు నాలుగేళ్లు. అందరికీ పలక, బలపం, రోజూ పదిసార్లు అ ఆ. ఒక గొల్లవాళ్ల పిల్లగాడు ఉండేవాడు, నాలుగున్నర ఏళ్లుంటాయి. పలక తీయమనగానే లాగు తడుపుకునేవాడు. మొండి అనుకున్నాను, రెండుసార్లు గట్టిగా కసిరాను కూడా. ఒకరోజు వాడి పలక వెనక్కి తిప్పితే మేకలు. ఒకటి కాదు, పది పదకొండు, చిన్నవి పెద్దవి. ఏవేంటి అని అడిగితే ఒక్కోదాని గురించి చెప్పాడు: ఇది కుంటిది, ఇది తెల్లచెవులది, ఇది ఈనేది. ‘నిన్న తెల్లచెవులది రాలే, బాపు ఎతుకవోయిండు’ అన్నాడు. మంద ఇంటికొచ్చాక ఒక మేక తక్కువైతే చూపుతోనే పసిగట్టే పిల్లవాడికి నేను ‘ఒకటి, రెండు’ రావని రిజిస్టర్‌లో రాశాను. సిగ్గేసింది.

మర్నాడు చింతగింజల్ని మేకలన్నాను. దొడ్డి గీశాం. సాయంత్రం ఎన్ని వచ్చాయి, ఎన్ని రాలేదు, ఎన్ని ఈనాయి. నెల తిరక్కుండా ఇరవై లోపు కూడికలు, తీసివేతలు నోటితోనే చేసేవాడు. పలక మీద అంకెలు రాయడం ఆ తర్వాత వారం రోజుల పని. నేను పద్ధతి మార్చుకున్నది ఏ శిక్షణ వల్లా కాదు, ఆ పలక వెనక వైపు చూడటం వల్ల.

రాయడం ఎప్పుడు అని మీ అసలు భయం కదా. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవి మెత్తని మృదులాస్థి. ఒక్కొక్కటే గట్టిపడుతూ చివరిది గట్టిపడేసరికి తొమ్మిదేళ్లు దాటుతుంది. అందుకని తొమ్మిదేళ్ల దాకా రాయకూడదని కాదు, అలా ప్రచారం చేసేవాళ్లనూ నమ్మకండి. వేళ్ల బలం, కంటికీ చేతికీ పొత్తు, బలపం పట్టు ఇవన్నీ ముందు రావాలి. మన తెలుగు అక్షరాలు గుండ్రాలు, మెలికలు. వాటికి మట్టి పిసకడం, పిండి కలపడం, గునుగు పూలు తెంపి కట్ట కట్టడం కంటే మంచి కసరత్తు లేదు. చుక్కల ముగ్గు వేయగలిగిన చేతికి ‘ఱ’ అయినా ‘ఋ’ అయినా లెక్కలేదు. నాలుగున్నర నుంచి ఐదేళ్ల మధ్య చాలామంది తమ పేరు రాయమని వాళ్లే అడుగుతారు. మేం వర్ణమాల వరసలో కాకుండా పేర్లలోని అక్షరాలతోనే మొదలుపెట్టేవాళ్లం. తన పేరులోని అక్షరం వేరేవాడి పేరులో కనబడితే ‘నా రా వానికెందుకు వోయింది’ అని కొట్లాటకు పోతారు. ఆ కొట్లాట పెద్ద పాఠం.

ఇక్కడ నాలాంటి పద్ధతి వాళ్లతోనే నాకు పేచీ. కొందరు అక్షరాలు కూడా పిల్లలే వెతుక్కుంటూ కనుక్కుంటారంటారు. కనుక్కోరు. నెర్రెలు ఎందుకు పడతాయో చూసి కనిపెట్టవచ్చు. ‘క’ అనే గీతకు ఆ శబ్దం ఎందుకో ఎంత చూసినా తెలియదు, అది మనుషులు పెట్టుకున్న ఒప్పందం, ఎవరో ఒకరు చెప్పాల్సిందే. ఐదేళ్లు నిండాక రోజుకు పావుగంటో ఇరవై నిమిషాలో శబ్దం, అక్షరం, గుణింతం వరసగా, ఓపిగ్గా నేర్పాలి. మీ బడిలో పై తరగతి పిల్లలకు ఆ పని జరుగుతోందా అని తప్పకుండా అడగండి. ‘మేం ఏదీ నేర్పించం, వాళ్లే నేర్చుకుంటారు’ అని గొప్పగా చెప్తే అనుమానించండి.

ఇలాంటి బడుల మీద పరిశోధనలు ఏమంటున్నాయని మీ ప్రశ్న కింద కామెంట్లలో ఒకరు అడిగారు. అందరూ చెప్పేది అమెరికాలో మిషిగన్ రాష్ట్రం యిప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్. 123 మంది బీద పిల్లలు. ఇప్పుడేం చేస్తావు అని పిల్లవాడినే అడిగి, చేయనిచ్చి, చేశాక ఏం చేశావో చెప్పించడం అక్కడి పద్ధతి. ఆ బడికి వెళ్లినవాళ్లనూ వెళ్లనివాళ్లనూ 40 ఏళ్ల వయసు దాకా గమనించారు. తెలివి పరీక్షల్లో వచ్చిన పైచేయి కొన్నేళ్లకే కరిగిపోయింది, కానీ చదువు పూర్తిచేయడంలో, సంపాదనలో, జైలు పాలు కాకపోవడంలో తేడా నిలిచింది. ఐతే అక్కడ టీచర్లు బాగా చదువుకున్నవాళ్లు, వారం వారం ఇంటికెళ్లి తల్లులతో కూర్చునేవారు. గోడకు ‘ప్లే వే’ అని బోర్డు పెట్టుకున్న ప్రతి బడికీ ఆ ఫలితం రాదు.

ఇంగ్లీషు సంగతి కూడా రాశారు. బడిలో తెలుగే ఎక్కువ మాట్లాడుతున్నారని మీ వారికి అసంతృప్తి. ఒక తండా పాప నా దగ్గరికి వచ్చిన కొత్తలో రెండు నెలలు నోరు తెరవలేదు. మాటలు రావేమో, డాక్టర్‌కు చూపించమందామా అనుకున్నాం. ఒకరోజు నీళ్ల కుండ దగ్గర ఆయమ్మ లంబాడీలో ‘పాణి’ అంది, ఎక్కడో నేర్చుకున్న ఒక్క మాట. ఆ పిల్ల ఆయమ్మ కొంగు పట్టుకుని ఆ రోజంతా ‘యాడి, యాడి’ అంటూ వాళ్లమ్మ కబుర్లు చెప్తూనే ఉంది. ఆమెకు ముక్క అర్థం కాలేదు. నాలుగేళ్ల పిల్లలు ‘ఎందుకు’ అని అడగాలంటే ఏ భాషలో కలలు కంటారో ఆ భాష కావాలి. ఇంగ్లీషు పాటలు, మాటలు రోజూ కొంచెం చెవిన పడనివ్వండి, మంచిదే. ప్రశ్న మాత్రం ఇంటి భాషలో రానివ్వండి.

ఇక బడికి వెళ్లి చూడటం. ముందు చెప్పకుండా వెళ్లనిస్తారేమో అడగండి. గోల ఉంటే భయపడొద్దు, గోలలో ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. ముప్పై మంది కాగితం మీద ముప్పై ఒకేలాంటి సీతాకోకచిలుకలు అంటించి ఉంటే అది పిల్లల పని కాదు, టీచర్ కత్తిరించి ఇచ్చింది. వస్తువులు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, ఆడాక వాళ్లే సర్దుతున్నారా చూడండి. టీచర్‌ను ‘మా వాడు ఈ నెల దేని వెంట పడ్డాడు?’ అని అడగండి. ‘బాగా చేస్తున్నాడండీ, యాక్టివ్’ అంటే ఆమె వాణ్ని చూడట్లేదు. ‘నీళ్ల పైపు నుంచి నీళ్లు పైకి ఎందుకెక్కవని మూడు రోజులుగా నన్ను సతాయిస్తున్నాడు’ అంటే మారుమాట్లాడకుండా ఇంటికి వచ్చేయండి, బడి బాగుంది. ఒక టీచర్‌కు ఎంతమంది పిల్లలో కూడా లెక్కపెట్టండి. ఇరవై దాటితే ఎంత మంచి టీచరైనా ఒక్కొక్కరిని పట్టించుకోవడం నా అనుభవంలో కష్టం. నేను 35 మందితో చేశాను, సగం రోజులు గొర్రెల్ని కాచినట్టే ఉండేది.

జాగ్రత్తల మాట ఒకటి. గింజలతో ఆటలు మంచివన్నాను గానీ మా సెంటర్లో ఒకడు చింతగింజ ముక్కులో దోపుకున్నాడు. లోపల తడికి ఉబ్బి, ఆసుపత్రిలో తీసేదాకా అందరి ప్రాణం పోయినంత పనైంది. మూడేళ్ల లోపు పిల్లలకు నోట్లో, ముక్కులో పట్టే వస్తువు ఏదీ ఇవ్వొద్దు. అంతకంటే పెద్ద పిల్లలకు ఇచ్చినా ఎదురుగా కూర్చోవాలి, అయ్యాక లెక్కపెట్టి డబ్బాలో వేయాలి. మట్టి ఆడాక సబ్బుతో చేతులు కడగాలి, గోళ్లు కత్తిరించి ఉండాలి. నులిపురుగుల మాత్ర వేయించడం మరవొద్దు.

బడి ఎలా ఉన్నా ఇంట్లో మీరు చేయగలిగింది చాలా ఉంది, దానికి ఏమీ కొనక్కర్లేదు. ‘బడిలో ఏం చేసినవ్’ అని అడిగితే పిల్లలు చెప్పరు, అది వాళ్లకు చాలా పెద్ద ప్రశ్న. లాగు మీది మట్టి చూపించి ‘ఇది ఎర్రమన్నా నల్లమన్నా? ఎక్కడిది?’ అనండి, తర్వాత ఆపడం మీ వల్ల కాదు. సర్వపిండి చేసేటప్పుడు గంజులో పిండి అద్ది, పొయ్యి ఎక్కించక ముందే చిల్లులు పెట్టే పని వాడికివ్వండి. ఒక్కో వేలితో ఎన్ని చిల్లులు, నూనె ఏ చిల్లులో ముందు దిగింది. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు, బంతి తాంబాలంలో వేర్వేరుగా పోయమనండి. కింది వరుసకు ఎన్ని పూలు పట్టాయి, పై వరుసకు ఎన్ని. గుండ్రం చిన్నదవుతూ పోతుంటే పూలు తగ్గుతున్నాయని వాడే అంటాడు. అనకపోతే ఊరుకోండి, వచ్చే ఏడు అంటాడు.

మీ అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. ఆమె భయం న్యాయమైనదే. పలక లేక, బడి లేక నష్టపోయిన తరం అది, రాత కనబడితేనే ధైర్యం. రోజూ పొద్దున వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు మనవడికి పక్కనే నాలుగు చుక్కలు పెట్టి కలపనివ్వమని ఆమెనే అడగండి. ‘నువ్వు నేర్పితెనే వస్తది అత్తమ్మా’ అనండి. వారం రోజుల్లో బడి గురించి ఫిర్యాదు తగ్గుతుంది, ముగ్గు సగం చెరిగిందన్న ఫిర్యాదు మొదలవుతుంది.

సెలవుల తర్వాత రెండు పొద్దుటి పూటలు బడిలో కూర్చుని రండి. వచ్చాక ఇక్కడే రాయండి. బడి పేరు, టీచర్ పేరు వద్దు. పిల్లలు ఏం చేస్తుంటే టీచర్ ఏం చేశారో, ఏమన్నారో, మీకు గుర్తున్నంత రాస్తే చాలు, మార్చాలో వద్దో అప్పుడు మాట్లాడుకుందాం.